కంప్యూటర్ నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ తొలి కోర్సు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కోర్సుకు ఏ బ్యాచ్ వచ్చినా దాదాపు ఇవే సందేహాలు అడుగుతారు. ఒకరికి చెప్పిన జవాబు పక్కవారికి చేరదు, పరీక్షల ముందు మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. కోర్సు సాగే వరుసలోనే ఉన్నాయి కానీ మొదటి నుంచి చదవాల్సిన పని లేదు. మీ సందేహం ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లండి, జవాబు అక్కడే పూర్తవుతుంది.

## చేరే ముందు

నాకు కోడింగ్ అంతంతమాత్రం. ఈ కోర్సు తీసుకుంటే ఇబ్బంది పడతానా?

పడరు. లూప్ రాయడం, ఫంక్షన్ పిలవడం, ఫైల్ చదవడం వస్తే సాకెట్ అసైన్‌మెంట్ వరకూ సరిపోతుంది. రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చిన్న చాట్ పైథాన్‌లో కొద్ది లైన్లలోనే అయిపోతుంది. ఈ కోర్సులో వెనకబడేవాళ్లు కోడింగ్ రాక వెనకబడటం నేను పెద్దగా చూడలేదు. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) ఇప్పుడు ఎక్కడుంది, దాని హెడర్‌లో (ముందుండే అడ్రస్‌ల వంటి సమాచారంలో) ఏముంది, దాన్ని ఎవరు చదువుతున్నారు అని అడక్కుండా నిర్వచనాలు బట్టీ పట్టేవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

గణితం ఎంత కావాలి?

బైనరీ, 2 ఘాతాలు (2, 4, 8 నుంచి 256 దాకా నోటికి వస్తే మంచిది), భాగహారంలో వచ్చే శేషం. సెక్యూరిటీ భాగంలో శేషాలతో చేసే లెక్కలు కొన్ని వస్తాయి. క్యాలిక్యులస్ అక్కర్లేదు.

నాకు హ్యాకింగ్ మీదే ఆసక్తి. నెట్‌వర్కింగ్ అంతా ఎందుకు చదవాలి?

ఎందుకంటే మీకు ఆసక్తి ఉన్న దాడుల్లో చాలావరకు నెట్‌వర్క్ మామూలుగా చేసే పనినే దుర్వినియోగం చేస్తాయి. ఐపీ అడ్రస్‌ను బట్టి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) కనుక్కునే ఏఆర్‌పీ 1982లో వచ్చింది. ఒక కంప్యూటర్ "ఈ ఐపీ అడ్రస్ ఎవరిది?" అని అడుగుతుంది, వచ్చిన జవాబును నమ్ముతుంది. ఆ జవాబు నిజంగా ఆ మెషీన్ నుంచే వచ్చిందా అని చూసే ఏర్పాటు అందులో లేదు. ఇంత తెలిశాక ఏఆర్‌పీ స్పూఫింగ్ గురించి విడిగా బట్టీ పట్టాల్సింది ఏమీ ఉండదు. ఎవరైనా అబద్ధపు జవాబు ఇస్తే ట్రాఫిక్ వాళ్ల వైపు వెళ్తుంది, అంతే.

టూల్‌తో మొదలుపెట్టినవాళ్లు టూల్ పనిచేయని రోజున ఆగిపోతారు. పద్ధతి తెలిసినవాళ్లు అది ఎందుకు పనిచేయలేదో కనుక్కోగలుగుతారు. కాపాడే పనికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఖరీదైన ల్యాప్‌టాప్, రూటర్లు కొనాలా?

వద్దు. తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ కూడా ఉచితమే. సెక్యూరిటీ ల్యాబ్ కోసం రెండు వర్చువల్ మెషీన్లు (మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడవాలి, దానికి 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు.

## మొదటి వారాలు

లేయర్లు ఏడా, ఐదా, నాలుగా? ఒక్కో పుస్తకం ఒక్కోలా చెబుతోంది.

లేయర్లంటే నెట్‌వర్క్ పనిని విడదీసుకున్న అంచెలు. మూడు లెక్కలూ సరైనవే, వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయి. ఏడు లేయర్ల ఓఎస్ఐ మోడల్‌ను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1984లో ప్రమాణంగా ప్రకటించింది. అప్పటికే ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారిపోయింది. వాడుకలో నిలిచింది టీసీపీ/ఐపీ. మాట్లాడుకోవడానికి మిగిలింది ఓఎస్ఐ నంబర్లు. అందుకే ఇప్పటికీ స్విచ్‌ను లేయర్ 2 పరికరం అనీ, రూటర్‌ను లేయర్ 3 పరికరం అనీ అంటాం. ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు నాలుగు లేయర్లు చెబుతాయి. చాలా పాఠ్యపుస్తకాలు అడుగున ఉన్న లింక్ లేయర్‌ను ఫిజికల్, డేటా లింక్ అని రెండుగా విడదీసి ఐదు చేస్తాయి.

పరీక్షలో ప్రశ్న ఓఎస్ఐ అంటే ఏడు రాయండి, టీసీపీ/ఐపీ అంటే మీ సిలబస్‌లో ఉన్నది రాయండి. సెషన్, ప్రెజెంటేషన్ లేయర్ల మధ్య గీత ఎక్కడ అని గంటలు గడపకండి. నిజమైన ప్రోటోకాల్స్‌లో ఆ గీత అంత స్పష్టంగా ఉండదు.

స్విచ్, రూటర్ రెండూ డేటాను ముందుకు పంపేవే కదా, తేడా ఏంటి?

అవి ఏ హెడర్ చదివి నిర్ణయం తీసుకుంటాయో చూడండి. స్విచ్ ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లోని మ్యాక్ అడ్రస్ చూస్తుంది. ఏ పోర్ట్ నుంచి ఏ మ్యాక్ వచ్చిందో టేబుల్‌లో రాసుకుంటుంది, తర్వాత ఆ మ్యాక్‌కు వచ్చిన ఫ్రేమ్‌ను ఆ పోర్ట్‌కే పంపుతుంది. తెలియని మ్యాక్ అయితే వచ్చిన పోర్ట్ తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. ఫ్రేమ్‌ను మాత్రం మార్చదు. రూటర్ పాత ఫ్రేమ్ విప్పేసి లోపలి ఐపీ అడ్రస్ చూస్తుంది, రూటింగ్ టేబుల్ ప్రకారం తర్వాతి మజిలీ ఏదో నిర్ణయిస్తుంది, కొత్త ఫ్రేమ్ చుట్టి పంపుతుంది.

ఇంట్లో వైఫై రూటర్ అని పిలిచే పెట్టెతో ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. అందులో రూటర్, స్విచ్, వైఫై యాక్సెస్ పాయింట్, డీహెచ్‌సీపీ సర్వర్ (మెషీన్లకు ఐపీ అడ్రస్‌లు పంచేది), ఫైర్‌వాల్ అన్నీ కలిసి ఉంటాయి. ఏ పని ఎవరిదో విడదీసి ఆలోచించండి.

మ్యాక్ అడ్రస్ ఉంది కదా, మళ్లీ ఐపీ అడ్రస్ ఎందుకు?

ఈ కోర్సులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ఇది అర్థమైతే సగం కోర్సు అర్థమైనట్టే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మ్యాక్ 48 బిట్ల సంఖ్య, మామూలుగా నెట్‌వర్క్ కార్డు తయారైనప్పుడే ఇస్తారు. ఆ కార్డు ఎక్కడుందో ఆ సంఖ్య చెప్పదు. ప్రపంచంలోని ప్రతి రూటర్ కోట్లాది కార్డుల్లో ప్రతిదానికీ ఒక వరుస రాసుకోవడం కుదరదు. ఐపీ అడ్రస్‌లో ముందు భాగం నెట్‌వర్క్‌ను చెబుతుంది. అందుకే ఒక నెట్‌వర్క్ మొత్తానికి రూటింగ్ టేబుల్‌లో ఒక్క వరుస సరిపోతుంది.

ఇప్పుడు ఒక ప్యాకెట్ వెంట నడుద్దాం. మీ కంప్యూటర్ 192.168.1.10, గేట్‌వే (మీ నెట్‌వర్క్ నుంచి బయటికి పంపే రూటర్) 192.168.1.1, మీరు చేరాల్సిన సర్వర్ 203.0.113.5. గమ్యం తన నెట్‌వర్క్‌లో లేదని కంప్యూటర్ మాస్క్ (ఐపీలో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే సంఖ్య) సాయంతో తెలుసుకుంటుంది. అప్పుడు ఏఆర్‌పీలో 203.0.113.5 మ్యాక్ అడగదు, గేట్‌వే మ్యాక్ అడుగుతుంది. బయల్దేరే ఫ్రేమ్‌లో గమ్యం ఐపీ సర్వర్‌ది, గమ్యం మ్యాక్ గేట్‌వేది. ఈ రెండూ వేర్వేరు మెషీన్లవని గమనించండి, చాలామంది తడబడేది ఇక్కడే. గేట్‌వే ఆ ఫ్రేమ్ తీసేసి, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని మజిలీలు వెళ్లొచ్చో చెప్పే లెక్క) ఒకటి తగ్గించి, తర్వాతి రూటర్‌కు సరిపోయే కొత్త ఫ్రేమ్ పెడుతుంది. ప్రతి మజిలీలోనూ ఇదే. ఫ్రేమ్ మారుతూ పోతుంది, గమ్యం ఐపీ చివరిదాకా అలాగే ఉంటుంది. మీ ప్రైవేట్ సోర్స్ ఐపీని మాత్రం ఇంటి రూటర్ నాట్ (అడ్రస్ మార్పిడి) చేసి తన పబ్లిక్ ఐపీగా మారుస్తుంది.

కాగితం మీద రెండు రూటర్లు గీసి, ప్రతి తీగ మీద నాలుగు అడ్రస్‌లూ (సోర్స్, గమ్యం ఐపీలు, మ్యాక్‌లు) రాయండి. ఒకసారి చేత్తో రాస్తే ఇక మర్చిపోరు.

బ్యాండ్‌విడ్త్ పెంచితే అన్నీ వేగంగా తెరుచుకోవాలి కదా?

పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ వేగం పెరుగుతుంది. దూరం వల్ల వచ్చే ఆలస్యం అలాగే ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లడానికి 50 మిల్లీసెకన్లు, రావడానికి 50. టీసీపీ కనెక్షన్‌కు ఒక రాకపోక, ఎన్‌క్రిప్షన్ ఏర్పాటు చేసే టీఎల్ఎస్ 1.3కి ఇంకొకటి, ఆ తర్వాత పేజీ అడిగి జవాబు తెచ్చుకోవడానికి మూడోది. మీ లైన్ ఎంత లావుగా ఉన్నా మొదటి బైట్ రావడానికి కనీసం 300 మిల్లీసెకన్లు పడుతుంది. సైట్లు తమ కాపీలను వాడేవాళ్లకు దగ్గర్లోని సర్వర్లలో పెట్టేది ఇందుకే.

ఇంకో మాట. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు. లెక్కల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఈ బిట్, బైట్ తేడా దగ్గరే.

## అడ్రసింగ్, సబ్‌నెట్టింగ్

సబ్‌నెట్టింగ్ అంటేనే టెన్షన్. తేలిగ్గా చేసే పద్ధతి ఉందా?

ఉంది. ఒక లెక్క చేద్దాం. 192.168.10.77/26 ఏ సబ్‌నెట్‌లో ఉంది?

/26 అంటే 32 బిట్లలో 26 నెట్‌వర్క్‌వి, మిగిలిన 6 హోస్ట్‌వి (అందులోని మెషీన్‌వి). 2 ఘాతం 6 అంటే 64. కాబట్టి ఒక్కో సబ్‌నెట్ 64 అడ్రస్‌ల ముక్క. ముక్కలు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 77 అనేది 64కీ 128కీ మధ్య ఉంది. అంటే నెట్‌వర్క్ అడ్రస్ 192.168.10.64. తర్వాతి ముక్క 128 దగ్గర మొదలవుతుంది కాబట్టి బ్రాడ్‌కాస్ట్ (ఆ సబ్‌నెట్‌లో అందరికీ ఒకేసారి పంపే అడ్రస్) 192.168.10.127. హోస్ట్‌లకు ఇవ్వగలిగేవి 65 నుంచి 126 దాకా, మొత్తం 62. మాస్క్ చివరి సంఖ్య 256లోంచి 64 తీసేస్తే 192, కాబట్టి 255.255.255.192.

ముక్క సైజు కనుక్కోవడమే అసలు పని, మిగతాదంతా కూడిక. ఈ దారిలో చేయడం వచ్చాక అడ్రస్‌నూ మాస్క్‌నూ బైనరీలో ఒకసారి ఆండ్ చేసి సరిచూసుకోండి. రూటర్ చేసేది ఆ ఆండ్ లెక్కే కాబట్టి అది తెలియకుండా షార్ట్‌కట్ మాత్రమే నేర్చుకుంటే /20 లాంటిది వచ్చినప్పుడు చేతులెత్తేయాల్సి వస్తుంది. /20లో ముక్క మూడో ఆక్టెట్‌లో 16 చొప్పున కదులుతుంది.

ప్రతి సబ్‌నెట్‌లో రెండు అడ్రస్‌లు ఎందుకు వదిలేస్తాం?

హోస్ట్ బిట్లన్నీ 0 అయిన అడ్రస్ ఆ నెట్‌వర్క్‌కే పేరు. అన్నీ 1 అయినది బ్రాడ్‌కాస్ట్. ఈ రెండూ ఏ మెషీన్‌కూ ఇవ్వం. రెండు రూటర్ల మధ్య నేరుగా ఉండే లింక్‌కు మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ /31 వాడి రెండు అడ్రస్‌లూ ఇవ్వొచ్చు.

నా ఐపీ 192.168.1.5, నా స్నేహితుడి ఇంట్లోనూ అదే. గొడవ రాదా?

రాదు. 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 అనే మూడు శ్రేణుల్ని ప్రైవేట్ వాడకానికి కేటాయించారు. ఎవరి నెట్‌వర్క్ లోపల వాళ్లు వాడుకోవచ్చు, బయటి ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. మీ ప్యాకెట్ బయటకు వెళ్లేటప్పుడు ఇంటి రూటర్ సోర్స్ ఐపీని తన పబ్లిక్ ఐపీగా మారుస్తుంది, అవసరమైతే పోర్ట్ నంబరూ మారుస్తుంది, ఆ జతను టేబుల్‌లో రాసుకుంటుంది. జవాబు రాగానే టేబుల్ చూసి మీకు అందిస్తుంది. టేబుల్‌లో వరుస లేని ప్యాకెట్ బయటి నుంచి వస్తే ఎవరికివ్వాలో తెలియక వదిలేస్తుంది. అందుకే ఇంట్లో నడిపే గేమ్ సర్వర్‌కు బయటివాళ్లు రావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి.

నాకు 169.254 తో మొదలయ్యే ఐపీ వచ్చింది. ఇదేం అడ్రస్?

డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రానప్పుడు మెషీన్ తనకు తానే ఇచ్చుకునే అడ్రస్. కేబుల్, వైఫై కనెక్షన్, డీహెచ్‌సీపీ సర్వర్ చూడండి.

అందరూ ఐపీవీ4 వాడుతుంటే ఐపీవీ6 ఎందుకు చదవాలి?

అందరూ అనుకున్నంతగా వాడట్లేదు. చాలా మొబైల్ నెట్‌వర్క్‌ల లోపల ఇప్పటికే ఐపీవీ6 నడుస్తోంది. ఐపీవీ4లో 32 బిట్లు, మొత్తం 4,294,967,296 అడ్రస్‌లు. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి పెద్ద బ్లాకులు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. ఐపీవీ6లో 128 బిట్లు. పరీక్ష కోసం ఒక్కటి గుర్తుంచుకోండి: ఐపీవీ6లో ఏఆర్‌పీ లేదు, బ్రాడ్‌కాస్ట్ లేదు, ఆ పనులు మల్టీకాస్ట్‌తో నడిచే నైబర్ డిస్కవరీ చేస్తుంది.

## టీసీపీ, యూడీపీ

యూడీపీ ప్యాకెట్లు పోగొట్టేదైతే దాన్ని ఎవరు వాడతారు?

యూడీపీ తనంతట తాను ప్యాకెట్లు పోగొట్టదు. టీసీపీలా పోయినదాన్ని వెతికి తెచ్చే బాధ్యత తీసుకోదు, అంతే. వీడియో కాల్‌లో పోయిన మాటను ఒక సెకను తర్వాత తెచ్చిస్తే ఉపయోగం లేదు, కొత్త మాట వినడమే మంచిది. డీఎన్ఎస్ (సైట్ పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) ప్రశ్న ఒక చిన్న ప్యాకెట్, దాని కోసం ముందు కనెక్షన్ కట్టుకోవడం దండగ. యూడీపీ హెడర్ 8 బైట్లే, టీసీపీది కనీసం 20. ఇప్పుడు వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ/3 కూడా యూడీపీ మీదే నడుస్తుంది. పోయినవి మళ్లీ పంపడం, వరుస సరిచేయడం అన్నీ క్విక్ అనే ప్రోటోకాల్ దాని పైన చేసుకుంటుంది. కాబట్టి "యూడీపీ అంటే నమ్మలేనిది" అని ఒక్క ముక్కలో రాయకండి.

టీసీపీ కనెక్షన్ మొదలుపెట్టే త్రీ వే హ్యాండ్‌షేక్‌లో మూడు ప్యాకెట్లు ఎందుకు? రెండు చాలవా?

ఇద్దరూ తమ తమ మొదటి సీక్వెన్స్ నంబర్ (తాము పంపే బైట్ల లెక్క మొదలయ్యే సంఖ్య) చెప్పాలి, ఇద్దరిదీ ఎదుటివాళ్లకు అందిందని నిర్ధారణ కావాలి. క్లయింట్ "నాది 1000" అని సిన్ పంపుతుంది. సర్వర్ "1001 కోసం చూస్తున్నా, నాది 5000" అని సిన్-యాక్ పంపుతుంది. ఇక్కడ ఆగితే సర్వర్ నంబర్ క్లయింట్‌కు చేరిందో లేదో సర్వర్‌కు తెలియదు. మూడో ప్యాకెట్ ఆ 5001 యాక్. నెట్‌వర్క్‌లో ఎక్కడో ఆగి ఆలస్యంగా వచ్చిన పాత సిన్‌ను చూసి సర్వర్ కొత్త కనెక్షన్ మొదలైందనుకునే ప్రమాదం కూడా ఈ మూడోదాని వల్లే తప్పుతుంది.

సిన్ ఫ్లడ్ దాడి ఈ పద్ధతి మీదే ఆధారపడుతుంది. దాడి చేసేవాళ్లు మొదటి ప్యాకెట్లు కుప్పలుగా పంపి మూడోది పంపరు. సగంలో ఆగిన కనెక్షన్లతో సర్వర్ మెమరీ నిండిపోతుంది. సిన్ కుకీస్ పద్ధతిలో సర్వర్ ఆ సమాచారాన్ని మెమరీలో దాచుకోకుండా తాను పంపే సీక్వెన్స్ నంబర్‌లోనే ఇమిడ్చి పంపుతుంది.

ఫ్లో కంట్రోల్, కంజెషన్ కంట్రోల్ ఒకటే కదా?

కాదు. ఫ్లో కంట్రోల్ అందుకునే మెషీన్‌ను కాపాడుతుంది. "నా బఫర్‌లో ఇంత చోటే ఉంది" అని అది విండో సైజుతో చెబుతుంది. కంజెషన్ కంట్రోల్ మధ్యలోని నెట్‌వర్క్‌ను కాపాడుతుంది. అక్కడ సాధారణంగా ఎవరూ చోటెంతుందో చెప్పరు, ప్యాకెట్లు పోవడం, ఆలస్యం కావడం చూసి పంపేవాళ్లే ఊహించుకోవాలి.

ఇది ఎందుకు అవసరమైందో 1986 అక్టోబర్‌లో తెలిసింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, దగ్గర్లోనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకీ మధ్య 32 కేబీపీఎస్ ఉండే వేగం 40 బీపీఎస్‌కు పడిపోయింది. ప్యాకెట్లు పోతున్నాయని మెషీన్లు మళ్లీ మళ్లీ పంపుతున్నాయి, దాంతో రద్దీ ఇంకా పెరుగుతోంది, ఇంకా పోతున్నాయి. వాన్ జేకబ్సన్ దాన్ని పరిశోధించి స్లో స్టార్ట్ (కొద్ది ప్యాకెట్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం) వంటి పద్ధతులను టీసీపీలోకి తెచ్చారు. స్లో స్టార్ట్ గ్రాఫ్ గీసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే అది ఎందుకు అలా ఎక్కి ఎందుకు పడుతుందో దానంతట అదే అర్థమవుతుంది.

## ల్యాబ్

వైర్‌షార్క్ తెరిస్తే వేల ప్యాకెట్లు పరిగెడుతున్నాయి. ఏం చూడాలో తెలియట్లేదు.

అన్నీ చూడాలనుకోకండి. బ్రౌజర్ ట్యాబ్‌లన్నీ మూసి, క్యాప్చర్ మొదలుపెట్టి, ఒక్క సైట్ తెరిచి వెంటనే ఆపేయండి. ఫిల్టర్‌లో ముందు డీఎన్ఎస్ మాత్రమే పెట్టండి. మీరు టైప్ చేసిన పేరు కనిపిస్తుంది, దాని కింద జవాబుగా ఐపీ అడ్రస్ ఉంటుంది. ఆ ఐపీని కొత్త ఫిల్టర్‌గా పెట్టండి. ఇప్పుడు వేల ప్యాకెట్లు పదుల్లోకి వస్తాయి.

మొదటి మూడు వరుసల్లో సిన్, సిన్-యాక్, యాక్ ఉంటాయి. నాలుగోది సాధారణంగా క్లయింట్ హలో (టీఎల్ఎస్ మొదటి సందేశం). దాన్ని నొక్కి కింది భాగంలో ఒక్కో గీత విప్పండి: ఫ్రేమ్, ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ, టీఎల్ఎస్. క్లాసులో గీసిన లేయర్లు అదే వరుసలో కళ్లముందు ఉంటాయి. టీఎల్ఎస్ లోపలికి వెళ్తే సర్వర్ నేమ్ అనే చోట మీరు తెరిచిన సైట్ పేరు చాలాసార్లు మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే అప్లికేషన్ డేటా మాత్రం అర్థంకాని బైట్లు. ఎన్‌క్రిప్షన్ ఏం దాస్తుంది, ఏం దాచదు అనేది ఆ ఒక్క తెర మీద తెలిసిపోతుంది. బ్రౌజర్ క్విక్ వాడితే టీసీపీ వరుసలు కనిపించకపోవచ్చు. అప్పుడు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపి మళ్లీ ప్రయత్నించండి.

పింగ్ రావట్లేదంటే సర్వర్ డౌన్ అయినట్టేనా?

కాదు. పింగ్ ఐసీఎంపీ ఎకో (ఉన్నావా అనే చిన్న సందేశం) పంపి జవాబు అడుగుతుంది. చాలా ఫైర్‌వాల్‌లు దాన్ని ఆపేస్తాయి, వెబ్‌సైట్ మాత్రం 443 పోర్ట్ మీద హాయిగా నడుస్తూ ఉంటుంది. దారిలోని రూటర్లను వరుసగా చూపే ట్రేస్‌రూట్‌లో మధ్యలో నక్షత్రాలు వస్తే అదీ ఇంతే, ఆ రూటర్ జవాబివ్వలేదని మాత్రమే అర్థం. దాని తర్వాతి వరుసలు వస్తుంటే దారి బాగానే ఉంది.

నెట్ పనిచేయట్లేదు. ఎక్కడ నుంచి వెతకాలి?

దగ్గర నుంచి దూరానికి వెళ్లండి. కేబుల్ లేదా వైఫై ఉందా? ఐపీ వచ్చిందా? గేట్‌వేకి పింగ్ వెళ్తోందా? బయటి ఐపీ ఒకదానికి వెళ్తోందా? పేరుతో వెళ్తోందా? బయటి ఐపీకి వెళ్లి, పేరుకు వెళ్లకపోతే సమస్య డీఎన్ఎస్‌ది. ఎక్కడ ఆగిందో అక్కడే లోపం వెతకాలి. కంగారులో అన్నీ ఒకేసారి మారిస్తే ఏది సరిచేసిందో ఎప్పటికీ తెలియదు.

పెద్ద నెట్‌వర్క్‌లు పడిపోయినా ఇదే ఆలోచన. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సేవలు దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. బయటివాళ్లకు డీఎన్ఎస్ సమస్యలా కనిపించింది. నిజానికి నిర్వహణ పనిలో జరిగిన పొరపాటు వల్ల వాళ్ల వెన్నెముక నెట్‌వర్క్ తెగిపోయింది, దాంతో డీఎన్ఎస్ సర్వర్లకు దారి చెప్పే బీజీపీ ప్రకటనలు ఆగిపోయాయి. సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, వాటికి దారే లేదు.

ల్యాబ్‌లో నేర్చుకున్న స్కానింగ్ కాలేజీ వైఫై మీద ప్రయత్నించొచ్చా?

వద్దు. మీది కాని నెట్‌వర్క్‌ను రాతపూర్వక అనుమతి లేకుండా స్కాన్ చేయడం, ఇతరుల ట్రాఫిక్ పట్టుకోవడం చాలా దేశాల్లో నేరం కావొచ్చు, కాలేజీ నిబంధనల్లోనూ తప్పే. "చూడటానికే చేశాను" అనే మాట మిమ్మల్ని కాపాడదు. అదీగాక స్కాన్ వల్ల పాత ప్రింటర్లు, ల్యాబ్ పరికరాలు నిజంగా ఆగిపోతాయి, అవతల ఎవరి పనో చెడిపోతుంది. 1988 నవంబర్ 2న విడుదలైన మోరిస్ వార్మ్ (మెషీన్ నుంచి మెషీన్‌కు తానే పాకే ప్రోగ్రామ్) ఫైళ్లేవీ చెరపలేదు. అయినా అదుపు లేకుండా కాపీలు పెంచుకుంటూ వేల మెషీన్లను పనిచేయకుండా చేసింది. దాన్ని రాసిన విద్యార్థికి కోర్టులో శిక్ష పడింది. మీ ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి వాటి మధ్య మాత్రమే నెట్‌వర్క్ కట్టండి. అక్కడ ఏం చేసినా మీ ఇష్టం.

## సెక్యూరిటీ

ఎన్‌కోడింగ్, ఎన్‌క్రిప్షన్, హ్యాషింగ్ కలిసిపోతున్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

వెనక్కి తీసుకురావడానికి ఏం కావాలో అడగండి. ఎన్‌కోడింగ్‌కు ఏమీ అక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు. బేస్64 అంతే, అందులో రహస్యం ఏమీ లేదు. ఎన్‌క్రిప్షన్‌కు కీ కావాలి. హ్యాష్‌ను వెనక్కి తిప్పే దారి లేదు, ఊహించినవి ఒక్కోటీ హ్యాష్ చేసి పోల్చుకోవడమే. "పాస్‌వర్డ్‌ను బేస్64తో ఎన్‌క్రిప్ట్ చేశాం" అని ప్రాజెక్ట్ రిపోర్టుల్లో రాస్తుంటారు. దయచేసి రాయకండి.

సిమెట్రిక్ కీ వేగంగా ఉంటే పబ్లిక్ కీ ఎందుకు?

సిమెట్రిక్‌లో ఇద్దరి దగ్గరా ఒకే కీ ఉండాలి. ఎప్పుడూ కలవని ఇద్దరు, ఎవరైనా వినగలిగే లైన్ మీద ఆ కీని ఎలా పంచుకుంటారు? 1976లో డిఫీ, హెల్‌మన్ దీనికి దారి చూపించారు. మరుసటి ఏడాది ఆర్ఎస్ఏ అనే పద్ధతి వచ్చింది. అందులో అందరికీ చెప్పే పబ్లిక్ కీ ఒకటి, దాచుకునే ప్రైవేట్ కీ ఒకటి ఉంటాయి.

ఆర్ఎస్ఏను చిన్న సంఖ్యలతో చేత్తో చేయండి. ప్రధాన సంఖ్యలు 3, 11. లబ్ధం 33. (3-1), (11-1) గుణిస్తే 20. పబ్లిక్ ఘాతం 3, ప్రైవేట్ ఘాతం 7, ఎందుకంటే 3×7=21, దాన్ని 20తో భాగిస్తే శేషం 1. పంపాల్సిన సంఖ్య 4. 4 ఘనం 64, 33తో భాగిస్తే శేషం 31. అదే సైఫర్. అందుకున్నవాళ్లు 31ని 7వ ఘాతానికి పెంచి 33తో భాగిస్తే శేషం మళ్లీ 4. (31 బదులు -2 తీసుకుంటే లెక్క నోటితోనే అయిపోతుంది: -128కి 132 కలిపితే 4.) ఇక్కడ 33ను 3, 11గా విడదీయడం ఎవరికైనా వస్తుంది. నిజం కీలలో ఆ సంఖ్య 2048 బిట్లో, ఇంకా పెద్దదో ఉంటుంది. దాన్ని విడదీయడం కష్టం కాబట్టే ఆర్ఎస్ఏ నిలబడింది.

ఈ లెక్కలు నెమ్మది. అందుకే వాస్తవంలో కీ ఒప్పందానికీ, గుర్తింపు నిర్ధారణకూ పబ్లిక్ కీ పద్ధతులు వాడి, అసలు డేటాను ఏఈఎస్ లాంటి సిమెట్రిక్ పద్ధతితో పంపుతారు.

తాళం గుర్తు ఉంటే ఆ సైట్‌ను నమ్మొచ్చా?

బ్రౌజర్‌లో కనిపించే డొమైన్‌తోనే మాట్లాడుతున్నారని, దారిలో ఎవరూ చదవలేరని, మార్చలేరని మాత్రమే నమ్మొచ్చు. ఆ డొమైన్ నడిపేవాళ్లు మంచివాళ్లని సర్టిఫికెట్ చెప్పదు. మోసపు సైట్లకు కూడా సర్టిఫికెట్ దొరుకుతుంది. మీ అమ్మానాన్నలకు చెప్పేటప్పుడు కూడా తాళం చూడమని కాదు, డొమైన్ పేరు అక్షరం అక్షరం చదవమని చెప్పండి.

పాస్‌వర్డ్ హ్యాష్ చేశాక మళ్లీ సాల్ట్ ఎందుకు?

సాల్ట్ లేకపోతే ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇద్దరికీ ఒకే హ్యాష్ వస్తుంది. దాడి చేసేవాళ్లు ముందే కట్టుకున్న ఒక పట్టికతో అందరి పాస్‌వర్డ్‌లూ వెతికేయొచ్చు. ఒక్కొక్కరికీ వేరే యాదృచ్ఛిక సాల్ట్ కలిపితే ఒక్కొక్కరి మీద విడిగా పని చేయాలి. సాల్ట్ రహస్యం కానక్కర్లేదు, హ్యాష్ పక్కనే ఉంచుతారు. పాస్‌వర్డ్‌లకు ఎస్‌హెచ్ఏ-256 నేరుగా వాడొద్దు, అది మరీ వేగం. కావాలనే నెమ్మదిగా చేసిన బీక్రిప్ట్, ఆర్గాన్2 వాడండి.

అల్గారిథం కూడా రహస్యంగా ఉంచితే ఇంకా భద్రం కదా?

రహస్యం కీలో ఉండాలి, పద్ధతిలో కాదు. క్రిప్టోగ్రఫీ నిపుణుడు కెర్క్‌హాఫ్స్ 1883లోనే ఈ మాట చెప్పారు. పద్ధతి ఏదో ఒకరోజు బయటపడుతుంది. కీ బయటపడితే మార్చుకోవచ్చు, పద్ధతి మార్చడం అంత తేలిక కాదు. ఏఈఎస్‌ను బహిరంగ పోటీలో, ప్రపంచంలోని నిపుణులంతా దాడి చేసి పరీక్షించాక, 2001లో ప్రమాణం చేశారు. మీ సొంత సైఫర్ నేర్చుకోవడానికి రాయండి, ఎవరి డేటాకూ కాపలా పెట్టకండి.

ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఉంటే ఇంకేం భయం?

ఫైర్‌వాల్ మీరు రాసిన నియమాలనే అమలు చేస్తుంది. తెరిచి ఉంచాల్సిన పోర్ట్ గుండా వచ్చేదాన్నీ, లోపలి మెషీన్ నుంచి మొదలయ్యేదాన్నీ చాలాసార్లు ఆపదు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండా పాకింది. ఆ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. ప్యాచ్ వేసుకుని, 445 పోర్ట్‌ను ఇంటర్నెట్ వైపు మూసి, నెట్‌వర్క్‌ను విభాగాలుగా విడదీసిన చోట నష్టం పరిమితం. ప్యాచ్, బ్యాకప్, అవసరమైనంతే అనుమతి అనే మూడూ చూడటానికి చప్పగా ఉంటాయి, కానీ పరీక్షలో దాడి పేరు అడిగి "ఎలా నివారిస్తారు" అంటే ముందు రాయాల్సినవి ఇవే.

వీపీఎన్ వాడితే ఎవరికీ కనపడనా?

మీ ట్రాఫిక్‌ను మీ ఇంటర్నెట్ సంస్థ బదులు వీపీఎన్ సంస్థ చూస్తుంది. నమ్మకం ఒకరి నుంచి ఇంకొకరికి మారింది. సైట్‌లో లాగిన్ అయితే ఆ సైట్‌కు మీరెవరో ఎలాగూ తెలుసు.

## పరీక్షలు, ప్రాజెక్ట్, ఆ తర్వాత

పోర్ట్ నంబర్లన్నీ బట్టీ పట్టాలా?

ఇవి చాలు: 22 ఎస్ఎస్‌హెచ్, 25 మెయిల్ పంపడం, 53 డీఎన్ఎస్, 67, 68 డీహెచ్‌సీపీ, 80 హెచ్‌టీటీపీ, 443 హెచ్‌టీటీపీఎస్. మిగతావి ల్యాబ్‌లో వాడుతుంటే అవే గుర్తుంటాయి.

"బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే ఏం జరుగుతుంది" అనే ప్రశ్నకు ఎంత రాయాలి?

మార్కులను బట్టి. పది మార్కుల ప్రశ్న అయితే డీఎన్ఎస్, గేట్‌వే కోసం ఏఆర్‌పీ, టీసీపీ, టీఎల్ఎస్, హెచ్‌టీటీపీ అనే వరుసలో వెళ్లండి, ఒక్కో అడుగులో ఎవరు ఎవరికి ఏం పంపారో ఒక వాక్యం, ఒక బొమ్మ. వరుసలో ఒక చిక్కుంది. డీఎన్ఎస్ సర్వర్ మీ నెట్‌వర్క్ బయట ఉంటే, ఆ ప్రశ్న వెళ్లడానికే ముందు గేట్‌వే మ్యాక్ కావాలి, కాబట్టి ఏఆర్‌పీ ముందు జరుగుతుంది. ఇది రాసిన పేపర్ దిద్దేటప్పుడు వెంటనే కనిపిస్తుంది.

మినీ ప్రాజెక్ట్‌కి ఏం తీసుకోవాలి?

చిన్నది తీసుకుని పూర్తి చేయండి. నాకు నచ్చినవి: ట్రేస్‌రూట్‌ను సొంతంగా రాయడం, టీటీఎల్ 1 నుంచి పెంచుతూ ఏ రూటర్ జవాబిస్తుందో చూడటం, మీ వర్చువల్ మెషీన్ల మధ్య ఏఆర్‌పీ స్పూఫింగ్ చేసి, దాన్ని పసిగట్టే స్క్రిప్ట్ రాయడం, ఒకే ఫైల్‌ను టీసీపీతోనూ, సొంతంగా యాక్‌లు రాసుకున్న యూడీపీతోనూ పంపి, ప్యాకెట్లు కావాలని పోగొట్టి పోల్చడం. "కృత్రిమ మేధతో చొరబాటు గుర్తింపు" అని పెద్ద పేరు పెట్టి, ఎక్కడో దొరికిన డేటాసెట్ మీద దొరికిన కోడ్ నడిపితే వైవాలో రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

ఈ కోర్సు అయ్యాక ఎటు వెళ్లాలి?

రూటింగ్, అడ్రసింగ్ నచ్చితే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అనే రూటింగ్ ప్రోటోకాల్స్ లోతుగా చదవండి, సిస్కో ఇచ్చే సీసీఎన్ఏ సర్టిఫికెట్ స్థాయి సిలబస్ మంచి దారి. సెక్యూరిటీ నచ్చితే లైనక్స్, ఒక స్క్రిప్టింగ్ భాష, వెబ్ ఎలా నడుస్తుందో ముందు గట్టిగా పట్టుకోండి, ఆ తర్వాత సాధన కోసమే పెట్టిన క్యాప్చర్ ద ఫ్లాగ్ (సెక్యూరిటీ చిక్కులు విప్పే) పోటీలకు వెళ్లండి. క్రిప్టోగ్రఫీ నచ్చితే సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) కోర్సు తీసుకోండి. ఏ దారికైనా సెలవుల్లో చేయగల పని ఒకటుంది. టీసీపీ, డీఎన్ఎస్ లాంటివాటి ఆర్ఎఫ్‌సీ పత్రాలు (ఆ ప్రోటోకాల్స్‌ను నిర్వచించిన అసలు పత్రాలు) ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. యూడీపీది 1980 ఆగస్టు నాటి ఆర్ఎఫ్‌సీ 768, మూడే పేజీలు. దాంతో మొదలుపెట్టండి.